ఎనిమిదివేల మూడొందల ముప్పై మూడు

జనవరి అంటే మా సెక్షన్లో రశీదుల కాలం.
బల్లల మీద గోందు వాసన, రూపాయి రెవిన్యూ స్టాంపుల కరువు.
కంచరపాలెం పోస్టాఫీసులో అయిపోతే
పూర్ణా మార్కెట్ దాకా పోయి పన్నెండు తెచ్చాను.

మేడ మీది రెండు గదులు అక్కవి.
దస్తావేజులో ఆమె పేరే: పొట్నూరు నూకరత్నం.
ఆడమనిషి పేరున అయితే వడ్డీ ఓ పావలా తగ్గుతుందని
బావ రాయించాడు.
హుద్‌హుద్‌కి రేకులెగిరిపోయాక
స్లాబు పోసిన రోజు ఇసక తట్టలు మోసింది నేను.
సిమెంటు బస్తాల్లో సగం నా పీఎఫ్ లోను.
అది మాత్రం ఏ కాగితం మీదా లేదు.

అద్దె ఎంత రాయాలో చెప్పింది పక్క సీటు దాలినాయుడు.
"ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు అడుగుతారు.
ఇదిగో ఈ అంకె వెయ్యి.
చివర ముప్పై మూడు కనిపిస్తే ఎవడికైనా నమ్మబుద్ధేస్తుంది.
అబద్ధానికి సున్నాలుండకూడదు గురూ."

అక్క గుమ్మంలో కూర్చుని నెత్తళ్ళ తలలు తుంచుతోంది.
"సెయ్యి కంపురా, నువ్వే పెట్టీ సంతకం."
మొదటేడు నేనే పెట్టాను.
రెండో ఏడు కొంగుకి చెయ్యి తుడుచుకుని
ఏప్రిల్ నుంచి మార్చి దాకా
ఒక్క మధ్యాహ్నంలో
ఏడాది అద్దెంతా అందుకుంది,
ఒక్క పైసా చూడకుండా.

కొత్త అకౌంట్సాఫీసరు కళ్ళద్దాలు పైకి తోసి అడిగాడు,
"సొంత అక్కేనా?"
అవునన్నాను, చెవులు వేడెక్కుతుంటే.
"అక్కకి అద్దె కట్టడం తప్పు కాదు.
కట్టకపోవడమే తప్పు.
వచ్చే ఏప్రిల్ నుంచి బ్యాంకులో వెయ్యండి."

గ్యాసు సబ్సిడీ కోసం తెరిచిన ఖాతా ఒకటుంది అక్కకి.
ఒకటో తారీఖు పొద్దున్న ఫోన్లో నొక్కేవాణ్ణి.
సాయంత్రం స్కూటరెక్కించుకుని ఊర్వశి జంక్షన్ ఏటీఎంకి.
ఎనిమిదివేలు బయటికొచ్చేవి, నా జేబులోకి.
మూడొందల ముప్పై మూడు మాత్రం లోపలే ఉండిపోయేవి.
చిల్లరే కదా అనుకున్నాను.
ఆమె ప్రతిసారీ ఆ చీటీ మడిచి
జాకెట్లో పెట్టుకోవడం చూసి కూడా.

ఆగస్టు ఒకటిన
కింద బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టాను.
రెండోసారి కూడా.
అక్క మెట్ల మీద నిలబడి,
"బండి లోపలెట్టీరా. ఈ నెల తియ్యను."
ఏటే, అన్నాను.
"అందిందని నువ్వే రాసేవు కదేటి, ఇన్నేళ్ళూ."

రాత్రి మా ఆవిడ గిన్నెలు తోముతూ లెక్క చెప్పింది:
పన్నులో మిగిలేది నెలకి వెయ్యికి లోపే,
పోయేది ఎనిమిదివేల పైన.
"స్లాబు సంగతి అడగలేదా?"
లేదు.
అడిగితే ఆమె ఏమంటుందో తెలియక కాదు.
ఏమీ అనదని.

మర్నాడు ప్లంబరొచ్చాడు.
రెండేళ్ళుగా కారుతున్న బాత్రూం కుళాయి విప్పాడు.
అక్క నడుం మీద చెయ్యేసుకుని వాకిట్లో నిలబడింది.
"మరేటి? ఇంటోళ్ళం మేమే సెయ్యించాల."
బావ కింద పేపరు చదువుతున్నట్టున్నాడు.
ఒక్క పేజీ తిప్పిన చప్పుడు లేదు.

సెప్టెంబరులో కిటికీలకి రంగు.
అక్టోబరులో, మేడ మీద మేకు కొట్టేముందు
తనకి ఒక మాట చెప్పమంది.
పోర్టు మీంచి బొగ్గు ధూళి వీచిన పొద్దున్న
చీపురు పట్టుకుని వరండా ఊడుస్తూ
ఎప్పుడు మొదలెట్టానో గానీ
ఆమె గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి
పిలుస్తున్నాను.

ఈ జనవరికి రశీదులు ఆమే తెచ్చిచ్చింది.
నెల నెలా రాసినవి, ఒక్కోటి ఒక్కో పెన్నుతో.
ఒకటి పిల్లల ఆకుపచ్చ ఇంకుతో,
నవంబరుది నెత్తళ్ళ వాసన.
సంతకం కింద ఎవరూ చెప్పకుండానే
"ఇంటి ఓనరు" అని.

దాలినాయుడు ఒక్కోటీ వెలుతురుకి పట్టి చూశాడు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఇంత నిజంలా ఎలా చేసేవు గురూ?
నాకూ నేర్పు."