పద్నాలుగో గడి

ఆహ్వానాలు రాయడం నా ఉద్యోగం.
త్రియెస్తె నగర గ్రంథాలయం, మూడో అంతస్తు,
బోరా గాలి కిటికీ రెక్కలు పట్టి కుదిపే గది.
"మీ రాక మాకు..." దగ్గర కాసేపు ఆగుతాను.
గౌరవమా, సంతోషమా, అవసరమా,
మనిషిని బట్టి మాట.

ఈ మార్చిలో ఉపన్యాసాలు శరణార్థుల హక్కుల మీద.
జెనీవా ఆచార్యురాలికి రెండు వాక్యాలు చాలాయి,
ఒక రైలు టికెట్టు, చేపలు లేని భోజనం.
వియన్నా న్యాయమూర్తి తన ఫొటో తానే పంపాడు,
పన్నెండేళ్ళ కిందటిది.

మూడో వక్త తెస్ఫాలెం వోల్దెఆబ్.
అస్మరాలో వకీలు, కంపాలాలో శరణార్థి.
ఫొటోస్టాట్ కొట్టు పక్కన ప్లాస్టిక్ బల్ల వేసుకుని
పదిహేడేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ అర్జీలు రాస్తున్నాడు.
ఆయన ఎంచుకున్న అంశం ఒక్క వాక్యం:
ప్రాణభయంతో వచ్చినవాణ్ణి వెనక్కి తోలకూడదు.

కాన్సులేట్ ఫారం వచ్చింది. పద్నాలుగో గడి:
"గడువు తీరగానే అతిథిని
స్వదేశానికి తిప్పి పంపే పూచీ నాది."
కింద నా సంతకానికి చుక్కల గీత.

పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టాను.
తోలకూడదని చెప్పడానికి వచ్చే మనిషిని
తోలేస్తానని నేను మాటివ్వాలి.
స్వదేశం అంటే ఏది రాయమంటారని ఫోన్ చేశాను.
అవతలి గొంతు మర్యాదగానే ఉంది:
"ఖాళీగా మాత్రం వదలకండి."

మా అమ్మమ్మ యాభై నాలుగులో
ఇస్త్రియా నుంచి పడవ దిగింది.
తెచ్చుకున్న కుర్చీని రేవు గోదాములో పెట్టి
ఇల్లు దొరికాక తీసుకెళ్తానని రసీదు రాయించుకుంది.
ఇల్లు దొరికింది. రసీదు బీరువాలోనే ఉంది.
కుర్చీ మాత్రం తెచ్చుకోలేదు.
"దాన్ని చూస్తే కూర్చోబుద్ధి కాదే, నీవెస్" అనేది.
ఆవిడ దిగిన రోజున ఏ గడిలో
ఎవరు పూచీ పడ్డారో
నేనెప్పుడూ అడగలేదు.

"కంపాలా" అని రాశాను. అది స్వదేశం కాదన్నారు.
"అస్మరా" అని రాయమన్నారు. రాయలేదు.
వీసా రాలేదు.

ఉపన్యాసం వచ్చింది, ఫోన్‌లో ఏడు ముక్కలుగా.
ఆయన ఇటాలియన్ పాతకాలపుది,
మావాళ్ళు ఏలడానికి వెళ్ళి అక్కడ వదిలేసి వచ్చింది.
అస్మరాలో అడుగుపెట్టినప్పుడు
మావాళ్ళు ఏ గడీ నింపలేదు.

మొదటి ముక్కలోనే వాన, రేకుల మీద దబదబ.
ముందు వరసలో ఫుల్వియా లేచి
మా కిటికీ మూసి ఉందో లేదో చూసొచ్చింది.
"క్షమించండి, నా పైకప్పు మాట్లాడుతోంది" అన్నాడాయన.
అందరూ నవ్వారు.
వెనక వరసలో పాదాలకు కట్లతో ముగ్గురు కుర్రాళ్ళు,
నిన్న రాత్రి కొండ దిగి వచ్చినవాళ్ళు,
స్నేహితుడు పష్తోలో చెప్పాక
కాస్త ఆలస్యంగా నవ్వారు.

నాలుగో ముక్క మధ్యలో ఎవరో వచ్చినట్టున్నారు.
"కూర్చో అమ్మా, రెండు నిమిషాలు" అని అటు తిరిగాడు.
కాగితాల చప్పుడు, ఒక పసివాడి దగ్గు.
ఆ రెండు నిమిషాలు మేమూ కూర్చున్నాం.

తొమ్మిదిన్నరకు కుర్చీలన్నీ మడిచి గోడకు చేర్చి
తాళాలు వేసే లీవియో
వేదిక మీది ఒక్కదాని దగ్గర ఆగాడు.
"వక్త వెళ్ళిపోయాడా?"
"ఇంకా రాలేదు," అన్నాను.