కొలత

జైలు గోడకెదురుగా, పుపూసాల పొయ్యి పక్కన
తెల్లబట్టలమ్ముతాను.
లోపల ఇంకో రంగు చెల్లదు.

సాన్ సాల్వడోర్ నించి మొదటి బస్సుకే దిగేది రోసిబెల్.
వరసలో నిలబడ్డ తల్లుల్ని అడిగి
పట్టుకుపోయిన కొడుకుల పేర్లు రాసుకునేది.
కాఫీ నా దగ్గరే. చిల్లర రేపిస్తాననేది.

అత్యవసర పరిస్థితి మళ్ళీ పొడిగించారు,
ఇరవై ఏడోసారో, ఎనిమిదోసారో.
ఓ మంగళవారం తెల్లారకముందే
ఆమెనీ, ఆ నోట్‌బుక్కునీ తీసుకెళ్లారట.

ఇన్నాళ్లకి ఇవాళ తమ్ముడొచ్చాడు:
సబ్బు, మేజోళ్లు, ఒక టీషర్టు.
"ఏ సైజు?"
చేతులు ఎడంగా చాపి, కాస్త దగ్గరికి జరిపి,
ఇంకాస్త జరిపి
ఆగిపోయాడు.

పాత కొలతే కట్టిచ్చాను.
వదులైతే అవనీ.

నలభై సెంట్లు బాకీ.
కొట్టెయ్యను.
తనే వచ్చి ఇవ్వాలి.