కౌంటు

వెంకటాచలం మెడికల్ షాపులో అరువడిగి తెచ్చిన బరువు మిషను.
అద్దం మీద బీట. సున్నా దగ్గర ముల్లు నిలవదు,
అరకేజీ అటో ఇటో ఊగుతా ఉంటుంది
మా ఎమ్మెస్సీ లెక్కల మాదిరే.

దాన్ని చంకనేసుకుని
కాకుటూరు హాస్టల్లో మూడంతస్తులూ తిరిగినా.
చేతిలో కాయితం, కాయితంలో మూడు గళ్ళు:
నిద్ర. వ్యాయామం. బరువు.

మిషనెక్కే ముందు ప్రతి పిల్లా ఏదో ఒకటి వదిలేస్తుంది.
చెప్పులు, చున్నీ, ఫోను.
సుగుణ అయితే చెవికమ్మలు తీసి నా అరచేతిలో పెట్టింది.
"ఇప్పుడే తిన్నా మే, పొద్దున రా" అంటుంది ఒకతి.
పొద్దున పోతే, "తలకి పోసుకున్నా, జుట్టు తడి."

నిద్ర ఎన్ని గంటలు అంటే
ఎనిమిది అంటారు, సీలింగు వైపు చూసి.
నేనూ ఆ అంతస్తులోనే ఉండేదాన్ని గదా,
రాత్రి రెండింటికి దుప్పట్ల కింద
నీలంగా వెలిగే మొహాల్ని చూసినదాన్నే.
ఎనిమిదే రాసుకున్నా.
అబద్ధానికి వేరే గడి లేదు.

చెంగమ్మ ఒక్కతే మిషను మీద బిగదీసుకుని నిలబడింది,
గట్టిగా తొక్కితే పెరుగుతుందేమో అన్నట్టు.
కానిస్టేబుల్ సెలక్షనుకి నలభై కావాలంట.
ముప్పయ్యెనిమిదిన్నర.
తెల్లారుజామున నాలుగున్నరకి హైవే పక్కన పరుగు,
లారీల గాలికి జడ ఎగిరిపోతా.
పరుగు మానితే ఉద్యోగం రాదు,
మానకపోతే కేజీన్నర రాదు.
మంచం కింద డజను అరటిపండ్లు
దొంగసొత్తు లాగ.

మస్తాన్‌బాషా క్లాసులో తప్ప దొరకడు.
"నిద్రా?" అని నవ్వినాడు.
"రొయ్యలు నిద్రపోయినంత అని రాసుకో మే."
ముత్తుకూరు అవతల వాళ్ళ మామ గుంటలు.
రాత్రంతా ఏరేటర్లు తిరగాల.
కరెంటు పోతే జనరేటరు పడేలోపు
ఊపిరాడక పైకి తేలతాయంట,
చీకట్లో నీళ్ళు చిటపటమంటాయంట.
"మాకాడ లెక్క తిరగబడి ఉంటుంది.
వంద కౌంటంటే కేజీకి వంద, సన్నవి.
ముప్పై అంటే లావైనవి.
అంకె తగ్గితే మాకు పండగ."
చెప్తా చెప్తా మిషనెక్కినాడు. యాభై రెండు.
"నేనే కౌంటు?" అన్నాడు.

వ్యాయామం గడిలో
జిమ్ము, యోగా, నడక, ఆటలు.
గట్టు మీద మేత బస్తాలు మోసేది అందులో లేదు.
గైడు సారుని అడిగితే
"అది పనమ్మా, వ్యాయామం కాదు" అన్నాడు.
లేదు, అని రాసినా.

గ్రాఫు గీస్తే చుక్కలన్నీ ఒక గుంపు,
వాడొక్కడూ మూలన, వెలేసినట్టు.
"ఆ చుక్క తీసెయ్, గీత సరిగ్గా వస్తుంది."
తీసేసినా.
గీత బాగానే వచ్చింది.

మొన్న మధ్యాన్నం రెండు గంటల క్లాసు.
బెంచీ మీద తల వాల్చినాడు మస్తాను.
నోరు కొంచెం తెరిచి,
చొక్కా వీపున ఎండిన ఉప్పు చారలు.
పైన ఫ్యాను కరకరా తిరుగుతా ఉంది.
వాడి ఊపిరి దానితో పాటే.

కరెంటు పోయింది.
మేమెవరం కదల్లేదు, మాకది మామూలే.
వాడు మాత్రం దిగ్గున లేచి
సగం కళ్ళతో తలుపు దాకా పోయినాడు
దేని తాడో లాగడానికన్నట్టు చెయ్యి చాపి.
అప్పుడు క్లాసు నవ్వింది.
వాడూ నవ్వి వచ్చి కూర్చున్నాడు.

పదకొండు నిమిషాలు.
గడియారం చూస్తానే ఉండా నేను.
కాయితం సారుకి ఎప్పుడో ఇచ్చేసినా,
ఎడం అరచేతిలో పెన్నుతో రాసుకున్నా.

రాత్రి మెస్సులో
ఆ చెయ్యి తడవకుండా పైకెత్తిపట్టి
ఒంటిచేత్తోనే పళ్ళెం కడిగినా.