వేపపూత

ములుగు రోడ్డుల, రాత్రి పది దాటినంక
భూపాలపల్లి బొగ్గు టిప్పరొకటి
దగ్గుకుంట వచ్చి నా షెడ్డు ముందట ఆగింది.
మీటర్ల పసుపు దీపం. బండికి గుంజుడు లేదు.

పొగగొట్టం మీది చిన్న ముక్కు ఇప్పిన:
రాయి లెక్క గట్టిపడ్డ తెల్లటి ఉప్పు.
డబ్బాల వేలు వెడితే జిడ్డు.
వాసన జూసిన. వేప.

"ఓదెలన్నా, నీలిమూతల ఏం బోసినవ్?"
ఆయిన బీడీ ఆర్పి నేల జూసిండు.

యూరియా నీళ్లు అక్కడ
వేడిగాలికి పగిలి అమ్మోనియా అయితయ్.
పసుల కొట్టం ఊడ్చినోళ్లకు ఎరికే ఆ ఘాటు.
పొగల విషాన్ని అదే వట్టి ఇరుస్తది;
ఆఖరికి మిగిలేది ఉత్త గాలి, ఇంత ఆవిరి.

గిది మాత్రం పొలం బస్తా.
పరకాల సొసైటీ కాడ
కనకలచ్చక్క చెప్పులు లైన్ల వెట్టి
రెండు పొద్దులు నిలవడి తెచ్చింది.
బండ్లల్ల పొయ్యొద్దనే దానికి వేపపూత.
మక్కచేను ఎర్రవడుతుంటె
సగం బస్తా కిస్తీల బండి తాగింది.

సూదితోని గీకుతున్న.
తెల్లపొడి దులపబోతే ఓదెలు అరచెయ్యి వట్టిండు.
"ఆగు తమ్మీ,
నాలుగు మొదళ్లకన్న అయితది."

అది ఇప్పుడు యూరియా గాదని
నేను చెప్పలే.