బండ కింద మన్ను

బేతంచెర్లలో మన్ను దొరకదంటే నవ్వుతారు.
ఊరి చుట్టూ గనులే.
మా వాకిట్లో మాత్రం అంతా నాపబండే.
మెట్టు బండ, అరుగు బండ, జాలాడి బండ,
రోలు కింద కూడా బండే.
ఫ్యాక్టరీలో అంచులు పగిలినవి అడిగి తెచ్చుకుని
నేనే పరిచినాను, పెళ్ళైన కొత్తలో,
ఖాజాబీ కాళ్ళకు బురద అంటకూడదని.

ఇప్పుడు గడ్డపారతో ఒకదాన్ని లేపుతున్నాను.

రాత్రంతా పాలిష్ మిషను ముందు నిలబడి
మోకాళ్ళ దాకా తెల్లగా ఇంటికొస్తానా,
ఆమె అప్పటికే డోను బస్సుకు తయారు.
చంకలోని చాందినిని నాకిచ్చి
మౌలాగాడి చెయ్యి నాకిచ్చి
పాలసీసా మూత ఎక్కడుందో చెప్పకుండా వెళ్ళిపోతుంది.

బండ లేచింది.
కింద ఒక జెర్రి, రెండు వానపాములు,
ఎప్పటిదో ఎర్ర గాజు ముక్క,
ఏడేళ్ళుగా ఎండ చూడని మన్ను.
మౌలాగాడు వంగి వాసన చూసి
"నాయినా, వాన వాసన" అన్నాడు.
ఈ ఏడు వాడింకా సరైన వాన చూడనే లేదు.

సంతలో ముసలామె పొట్లం పది రూపాయలంది.
బంతి గింజ చిన్న చీపురులా ఉంది.
చంద్రకాంత గింజ మిరియమే అనుకున్నాను.
కాశీరత్నాన్ని చూసి
ఎలుకలు తిరిగిన పొట్లం అంటగట్టిందని తిట్టుకున్నాను.
బండ పావంగుళం తేడా ఉంటే
కంటితో చూసి చెప్పేస్తాను,
గింజ మీద ఎంత మన్ను కప్పాలో తెలీదు.
ఎదురింటి దస్తగిరమ్మ వేలి మొదటి గణుపు చూపించింది.
ఎవరి వేలు అని అడగలేదు నేను.
సగం నా వేలితో గుచ్చినాను,
సగం మౌలాగాడి వేలితో.

మూడురోజులకోసారి కొళాయి.
చాందిని స్నానం నీళ్ళే వాటికీ,
సబ్బు నురగ తేరుకున్నాక.

"లేసినాయా నాయినా?"
"నిద్దరపోతాండాయి రా."
"నేను లేపుతా."
పగలు నేను పడుకుంటే కూడా అంతే వాడు,
రెండు వేళ్ళతో నా కంటి రెప్ప ఎత్తి
లోపలికి తొంగి చూసి
"లేసినావా?" అంటాడు.
గింజల్నీ అట్లనే తవ్వి చూసినాడు
సోమవారం, మంగళవారం, బుధవారం.
చూసి మళ్ళీ కప్పి
పైన నా తువ్వాలు పరిచి జోకొట్టినాడు.

గురువారం నాకు నిజంగానే నిద్ర పట్టేసింది.
లేచేసరికి చాందిని నోటినిండా మన్ను.
వేలు పెట్టి తీస్తే రెండు చంద్రకాంత గింజలు,
తడిసి, నల్లగా, చెక్కుచెదరకుండా.
మూడోది మింగిందేమో!
చేతులు వణుకుతుంటే ఫోన్ చేసినాను.
"నోరు కడుగు, కనిపెట్టుకోనుండు, ఏమన్నా తేడాగా ఉంటే ఎత్తుకొనిరా"
అంది ఖాజాబీ, ఎవరికో చీటీ రాసిస్తూ.
సాయంత్రం దాకా దాన్ని ఒడిలోంచి దించలేదు.
అది మాత్రం నా చొక్కా గుండీ తినడానికి చూస్తూ
నవ్వుతానే ఉంది.

ఆ రాత్రి మిషను హోరులో లెక్కేసుకున్నాను.
కోడి పొడిచినవి, వీడు తవ్వినవి, ఇది తిన్నవి
పోగా మిగిలేదెంత.
లెక్క తేలలేదు. బండ ఒకటి వంకరగా కోసి మాట పడ్డాను.

పదకొండో రోజు
మౌలాగాడు నా రెప్ప ఎత్తలేదు.
చెవిలో గుసగుసగా, "రా" అన్నాడు.
మన్నులో వాడెప్పుడు నాటినాడో
ఒక బలపం ముక్క నిటారుగా.
దాని పక్కన రెండు ఆకులు,
గింజ తొక్కను నెత్తిన టోపీలా పెట్టుకుని.
"నా బలపమే మొలిసింది" అన్నాడు.
కాదని చెప్పడానికి నాకేం తెలుసు?
దస్తగిరమ్మైతే అది గడ్డిమొక్క, పీకెయ్యమంది.
పీకలేదు.
కోడికి భయపడి
చిల్లుల గిన్నె బోర్లించినాము.

పొద్దుగూకే వేళ ఖాజాబీ వచ్చింది.
చెప్పులు విడవకుండానే గిన్నె ఎత్తి
చాలాసేపు వంగి చూసింది.
ఏమీ అనలేదు.
చాందిని ఆమె కొంగు పట్టుకుని లేచి నిలబడింది,
మళ్ళీ కూలబడింది.
నేను డ్యూటీకి చొక్కా తొడుక్కుంటున్నాను.
ఆమె పక్కనున్న బండ మీద కాలు పెట్టి
అటూ ఇటూ ఊపి చూసి
"ఇది కూడా కదులుతాండాదే" అంది.