తక్కెడ

గార్డన్‌వేల్‌లో వాన మొదలైతే
ఆగడమనే మాట మరిచిపోతుంది.
చెరకు మిల్లు వెనక కొండ మూడు రోజులుగా కనబడలేదు.
వీధి దీపం కింద, తడి తారు మీద
ఎవరో వదిలేసి పోయిన పాత చెప్పులా
అది కూర్చుని ఉంది.

చెరకు కప్ప.
మా ఊరి గోదురుకప్పలు నాలుగు కలిపితే ఇది.
మొహమాటం లేదు, తొందర లేదు.
కళ్ల వెనక రెండు బుడిపెలు,
వాటిలో పాలలాంటి విషం.
రాత్రంతా దాని పిలుపు:
స్టార్టయి కదలని ట్రాక్టరు.

"శనివారం తూకం," అన్నాడు పక్కింటి రెంజో,
బకెట్టూ చేతి తొడుగులూ నాకిచ్చి.
కౌన్సిల్ వాళ్లు కిలోల లెక్కన కొలుస్తారట,
గెలిస్తే హార్డ్‌వేర్ కొట్టు కూపను.
డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి కూపనెందుకు?
డిసెంబరులో వాళ్ల పెప్పర్
నీళ్ల గిన్నెలో కూర్చున్నదాన్ని నోట కరిచింది.
ఒక్కసారే.
ఆ గిన్నె ఇంకా వరండాలోనే ఉంది, బోర్లించి.

గట్టు వెంట నడుస్తూ చెప్పాడు:
"మా తాత చేలో పురుగు పడితే
ఓడలో తెప్పించారు వీటిని.
పెద్ద పురుగు చెరకు కొసన,
పిల్ల పురుగు మట్టి కింద,
మధ్యలో ఇది, నోరు తెరుచుకుని.
అది తప్ప అన్నీ తింది."
కాసేపాగి, బురదలోంచి బూటు పీక్కుంటూ,
"వస్తావా అని దీన్నెవరడిగారులే," అన్నాడు.

తొడుగులోంచి తగిలింది నా బొటనవేలికి
దాని గుండె.
ఈ కొట్టుకోవడం నాకు తెలుసు.
ఏడేళ్లప్పుడు, చినుకు పడని ఏడాది,
రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి
ఇంటింటికీ తిరిగాం.
గడప గడపా చెంబెడు నీళ్లు పోసింది.
కప్పతల్లీ అని మొక్కిన నోటితోనే
ఇప్పుడు లెక్కపెడుతున్నాను:
పదహారు, పదిహేడు, పద్దెనిమిది.

"ముందు ఫ్రిజ్‌లో పెట్టు, నిద్రపోతాయి.
తర్వాత ఫ్రీజర్‌లో. నొప్పి తెలీదు."
అతని ఫ్రీజర్ అప్పటికే నిండింది.
నా దాంట్లో కొబ్బరి కోరు పక్కన,
గోంగూర పొట్లం కింద,
రొట్టెల కవర్లలో పద్దెనిమిది.
రెండు రోజులు గోంగూర వండలేదు.

శనివారం, స్కూలు మైదానంలో తార్పాలిన్ కింద
ముల్లు త్రాసు.
కప్పల తక్కెడ అంటాం మేము,
ఒకటెక్కిస్తే ఒకటి దూకేదాన్ని,
పొత్తు నిలవని ప్రతి చోటా ఆ మాటే.
ఇక్కడ ఒక్కటీ దూకలేదు.
ముల్లు నాలుగున్నర దగ్గర ఆగి
ఇక కదల్లేదు.

రెంజో అంకె చూడలేదు.
"ఏదో గొణిగావు, ఏమిటది?" అన్నాడు.
చెప్పాను. అర్థం చెప్పాను.
"మళ్లీ అను."
కప్పల తక్కెడ.
"కప్పల... తక్..." దగ్గర నాలుక తడబడి
నవ్వబోయి, తార్పాలిన్ బయటికి చూశాడు.
మూడో బహుమతి మాకు: ఒక సుత్తి.

రాత్రి చెత్తడబ్బా బయట పెట్టడానికెళితే
అదే దీపం కింద, అదే తడి తారు మీద
ఆ చెప్పుల జతలో రెండోది.
బకెట్టు మెట్ల మీదే ఉంది, చేతికందేంత దూరంలో.
అది నన్ను చూడలేదు,
లేదా చూసి పట్టించుకోలేదు.
వాన, మా ఇద్దరి మీదా,
ఎవరో చెంబుతో పోస్తున్నట్టే పడుతోంది.