తోడేలు చుక్క

రంధ్రానికి అప్పుడే పేరు పెట్టేశారు.
బొమ్మ గీసి, రంగులద్ది
వార్తల్లో ఊరేగిస్తున్నారు.
బారసాల అయిపోయింది,
మందు మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

ఎస్టోనియా, హీయూమా దీవి. ఫిబ్రవరి.
సున్నాకి పద్నాలుగు మెట్లు కింద చలి.
వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్,
పక్కన సగం కొరికిన నల్ల రొట్టె.
త్రీను తెరని పైకి తోస్తూ చదువుతోంది:
ప్రపంచం వణుకుతోందట.
దాని కిందే, మూడు మడతల ఫోన్ ధర తగ్గిందట.
ఇంకా కింద, ఈ రాత్రి ఆకాశంలో ఏం చూడాలో
ఐదు ముక్కల్లో.

ఎవరో పదిహేడేళ్ళ కిందట, బహుశా ఓ ఆదివారం,
మూటగట్టిన ఫైళ్ళు విప్పడానికి
నలభై వరుసలు రాశారు.
ఊరికే ఇచ్చారు. అందరూ తీసుకున్నారు.
బ్యాంకులు తీసుకున్నాయి, ఆసుపత్రులు తీసుకున్నాయి,
ఈ దీవి పడవల టిక్కెట్ల కౌంటరూ తీసుకుంది.
ఒకచోట లెక్క ఒకటి ఎక్కువైంది.
అంతే.

పదకొండు యంత్రాలు ఆమె పూచీ.
రాత్రి పదింటికి మందొచ్చింది.
అన్నిటికీ పంపి, ఇరవై నిమిషాలు ఆగాలి.
ఆగడమూ ఉద్యోగమే,
జీతం చీటీలో రాయరు గానీ.
కోటు తొడుక్కుని పెరట్లోకొచ్చింది.

పక్కింటి ఎండెల్ అప్పటికే అక్కడున్నాడు,
చేపల పీపా మీద మోచేతులు ఆనించి,
ఓడ ఇంజన్ల నూనె మరక వదలని బైనాక్యులర్స్‌తో.
"బండి నొగ చూడు. చివర్నుంచి రెండోది.
ఒకటా, రెండా?"
"ఒకటే."
"నీ కళ్ళలో ఇంకా తెర వెలుగుతోంది. ఆగు."
మళ్ళీ ఆగడమే.
ఎక్కడో మంచు బరువుకి కొమ్మ విరిగింది.
ఓ ఉపగ్రహం పనున్నదానిలా దాటిపోయింది.
అప్పుడు,
పెద్ద చుక్క భుజానికి ఆనుకుని
ఆవగింజంత ఇంకోటి.

మనకి సప్తర్షులు, వాళ్ళకది ఎడ్లబండి.
కొత్త జంటకి వేలెత్తి చూపించి
మనం అరుంధతి అనే ఆ చుక్క
వాళ్ళకి తోడేలు.
ఓ రాత్రి ఎద్దు మీద పడిందట.
శిక్షగా ఆ ఎద్దు పక్కనే కాడికి కట్టారట.
ఇప్పటికీ లాగుతోంది.

"ఎన్నాళ్ళైంది?" అంది త్రీను.
"బండి ఎప్పట్నుంచో అప్పట్నుంచే.
చూసినవాళ్ళే తక్కువ."
"ఇవన్నీ ఎప్పుడో చచ్చిపోయాయటగా,
మొన్న వార్తల్లో చదివాను."
ఎండెల్ నవ్వాడు, ఆవిరి లేచింది.
"వార్తలకి చావులంటే ఇష్టం.
కంటికి కనపడేవి దాదాపు అన్నీ బతికే ఉన్నాయి.
ఈ వెలుగుకి ఎనభై రెండేళ్ళు.
నాకంటే నాలుగేళ్ళు పెద్దది."

జేబులో ఫోన్ వణికింది.
పది పచ్చగా, ఒకటి ఎర్రగా.
రేవులో, టిక్కెట్ల బల్ల కింద, పాత పెట్టె.
పాస్‌వర్డ్ అడుగుతోంది.
శనివారాలు ఇప్పటికీ ఆ కౌంటర్ తెరిచేది ఎండెలే.
బైనాక్యులర్స్ దించకుండానే చెప్పాడు:
"మూరి."
అతని కుక్క. పోయి ఆరేళ్ళు.

దీవిలో ఎవరైనా ఊహిస్తారు.
దానికి దొంగలు సముద్రం దాటి రానక్కర్లేదు,
రొట్టెల కొట్లో అమ్మాయి చాలు.

లోపలికొచ్చారు.
పదకొండోది కూడా పచ్చబడింది.
"ఇది మార్చాలి," అంది త్రీను.
"ఉండనివ్వకూడదా?"
ఆమె ఏమీ అనలేదు,
ల్యాప్‌టాప్‌ని అతని వైపు తిప్పింది.

ఎండెల్ చేతితొడుగులు తీశాడు,
ఒకటి, చాలాసేపటికి రెండోది.
ఒంటి వేలితో కొత్తదేదో కొట్టడం మొదలెట్టాడు.
పొడుగాటిదే.
త్రీను కిటికీ వైపు తిరిగి నిలబడింది.
అద్దంలో వంటిల్లే ఉంది, చుక్కలు లేవు.
మీటల చప్పుడు లెక్కపెట్టకుండా ఉండాలని
ఎండిన రొట్టె ముక్కని
గట్టిగా కొరికింది.